క్యాన్సర్‌ను ఆలస్యంగా గుర్తిస్తే: జిల్లా వినియోగదారుల కమిషన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే తెమడ పరీక్ష కూడా చేయించకుండా టీబీ మందులు మొదలుపెడతారు. ఆరు నెలలు మింగినా బరువు తగ్గుతూనే ఉంటే అప్పుడు సీటీ, బయాప్సీ. తేలేది ఊపిరితిత్తుల క్యాన్సర్. మలంలో రక్తం పడితే మొలలని మందు రాసివ్వడం, రొమ్ములో గడ్డను కొవ్వు గడ్డేనని చెప్పి పంపేయడం కూడా మన దగ్గర జరిగేవే. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవాళ్లకు ఇలా జరిగితే ముందుగా చూడాల్సిన చోటు జిల్లా వినియోగదారుల కమిషనే అని మా అభిప్రాయం. ఖర్చు, దూరం విషయంలో దీనికి మంచి మార్కులే వేస్తాం. వేగంలో మాత్రం వేయలేం.

రుసుము దగ్గర చాలామంది పొరబడతారు. ఏ కమిషన్‌కు వెళ్లాలి, ఎంత కట్టాలి అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, తప్పు చేసిందంటున్న ఆసుపత్రికి మీరు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. అక్కడ 3 లక్షల బిల్లు కట్టి 40 లక్షల పరిహారం అడిగినా కేసు జిల్లా కమిషన్‌లోనే, రుసుము సున్నా. కట్టిన డబ్బు 5 లక్షలు దాటితే 200 రూపాయలు, 10 లక్షలు దాటితే 400, 20 నుంచి 50 లక్షల దాకా 1,000. తర్వాత క్యాన్సర్ ఆసుపత్రిలో పెట్టిన ఖర్చును పరిహారం కింద అడగాలి, ఈ లెక్కలో కలపకూడదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కర్నూలు మనిషి హైదరాబాద్ ఆసుపత్రి మీద కర్నూలులోనే వేయొచ్చు. మూడు వారాలకోసారి కీమోకు వెళ్లే మనిషికి ఇది చిన్న మేలు కాదు. 2025 జనవరి 1న వచ్చిన ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే ఫిర్యాదు, అఫిడవిట్, పత్రాలు ఎక్కించవచ్చు. విచారణకు వీడియోలో హాజరవుతామని దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. రోగి చనిపోతే వారసులు కేసు వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. కానీ ఇలాంటి కేసులో వైద్య కేసులు చేసిన వకీలు లేకుండా దిగొద్దు.

గడువు రెండేళ్లు. నష్టం వెంటనే బయటపడనప్పుడు, అది తెలిసిన రోజు నుంచి లెక్కించవచ్చని 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ కేసులో బాధితురాలు ఓడిపోయింది. ఆపరేషన్ చేసినప్పుడు కడుపులో వదిలేసిన గాజుగుడ్డ తొమ్మిదేళ్లకు బయటపడింది. అన్నేళ్లు నొప్పి ఉన్నా ఆ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదని కోర్టు అడిగింది. కాబట్టి బయాప్సీ రిపోర్టు తేదీ నుంచి రెండేళ్లుంది కదా అని ధీమాగా కూర్చోవద్దు. లక్షణాలు తగ్గనప్పుడు మళ్లీ మళ్లీ వెళ్లి చూపించుకున్న ప్రతి ఓపీ చీటీ మీకు రక్షణే.

అసలు గెలుపోటములు తేలేది కాగితాల దగ్గర. రికార్డులు కావాలని రాసిచ్చి, ఆసుపత్రి ముద్రతో రసీదు తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య నియమావళి. అదే నియమావళి ప్రకారం డాక్టరు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే దాచాలి, అందుకే తొందరపడాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. పూర్తి కేస్ షీటు, ఎక్స్‌రే ఫిల్ము, సీటీ సీడీ తీసుకోండి. రేడియాలజిస్టు రిపోర్టు చివరి రెండు లైన్లు జాగ్రత్తగా చదవండి. ‘సీటీ చేయించడం మంచిది’ అని అక్కడుండి, తర్వాతి చీటీలో దాని ఊసే లేకపోతే మీ చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన సాక్ష్యం అదే.

మొదటి బయాప్సీలో ‘క్యాన్సర్ లేదు’ అని ఉంటే బ్లాకులు, స్లైడ్లు అడగండి. గోరంత ముక్కను మైనంలో పోసిన ఆ చిన్న దిమ్మె నుంచి మరో పాథాలజిస్టు కొత్త స్లైడ్ కోయించి చూడగలరు. బ్లాకు నంబరు మొదటి రిపోర్టులో ఉన్నదేనా అని సరిచూసుకుని, సంతకం పెట్టించుకుని తీసుకోండి.

ఆలస్యం జరిగిందని చూపిస్తే సరిపోదు, దానివల్ల ఏం పోయిందో చూపాలి. ఎదుటి పక్షం వాదన ఎప్పుడూ ఒకటే: ‘ఇది వేగంగా ముదిరే రకం, ముందే కనిపెట్టినా ఇంతే.’ దీనికి జవాబు కొలతల్లో ఉంటుంది. ఉదాహరణకు మొదటి స్కాన్‌లో రొమ్ము గడ్డ 1.8 సెంటీమీటర్లు, తొమ్మిది నెలలకు 5.4 అయితే గడ్డ సైజును చెప్పే దశల్లో టీ1 (చిన్నది) కాస్తా టీ3 (పెద్దది) అయినట్టు. అప్పుడే పట్టుకుంటే గడ్డ మటుకు తీస్తే సరిపోయేదా, ఇప్పుడు రొమ్మే తీయాల్సి వచ్చిందా అన్నది క్యాన్సర్ డాక్టరు చేత రాయించుకోవాలి. మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాద్ కేసులో, నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాన్సర్ ఆలస్యం కేసులో ఆ తీర్పునే నమ్ముకుని కూర్చోవడం పొరపాటు. కమిషన్ వైద్య బోర్డు అభిప్రాయం కోరితే, అడగాల్సిన ప్రశ్నలు మీ వైపు నుంచే రాసివ్వండి. లేదంటే ‘చికిత్సలో లోపం లేదు’ అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చే ప్రమాదముంది.

వేగం సంగతి. జవాబు దాఖలుకు ఆసుపత్రికి 30 రోజులు, మరో 15 రోజుల పొడిగింపు, అంతకు మించి లేదు. తీర్పు మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో అని చట్టం అంటుంది. వైద్య కేసుల్లో అది జరగడం అరుదు, వాయిదాలతో ఏళ్లు పడుతుంది. నిమ్స్‌లో 1990లో జరిగిన కణితి ఆపరేషన్‌పై సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చేసరికి 2009 వచ్చింది. ముదిరిన దశలో ఉన్న రోగి తరఫున త్వరగా విచారించమని మొదటి రోజే పిటిషన్ వేయాలి, రోగి వాంగ్మూలం అఫిడవిట్‌గా ముందే దాఖలు చేయాలి.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీద ఈ దారి లేదు, శాంత కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గీసిన గీత అది. అక్కడ సివిల్ కోర్టు, లేదా కోటి రూపాయల దాకా చూసే శాశ్వత లోక్ అదాలత్ ఉన్నాయి. రెండోదానిలో రుసుము లేదు, రాజీ కుదరకపోతే అదే తీర్పిస్తుంది. కానీ అక్కడికి వెళ్లాక అదే గొడవతో వేరే కోర్టుకు పోలేరు, తీర్పుపై అప్పీలూ లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేయాలి. మెడికల్ కౌన్సిల్ డాక్టరు మీద చర్య తీసుకోగలదు గానీ మీకు పైసా ఇప్పించలేదు.

జిల్లా కమిషన్‌లో గెలిస్తే ఆసుపత్రికి అప్పీలుకు 45 రోజులుంటాయి. అయితే తీర్పులోని సొమ్ములో సగం ముందు జమ కట్టాకే రాష్ట్ర కమిషన్ ఆ అప్పీలు తీసుకుంటుంది.