డాలస్ దగ్గర క్యాంపింగ్: లేక్ తర్వాత, ముందు సైట్ నంబర్

డాలస్ వైపు ఉండే మనవాళ్ళకి క్యాంపింగ్ అనగానే ముందు నోట్లోంచి వచ్చే ప్రశ్న "ఏ లేక్?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది సైట్ నంబర్, అంటే పార్కులో టెంట్ వేసుకోవడానికి మనకిచ్చే జాగా నంబర్. ఒకే పార్కులో ఒక సైట్‌లో మిట్టమధ్యాహ్నం కూడా చాప వేసుకుని కునుకు తీయొచ్చు. రోడ్డుకి అవతలి సైట్‌లో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. బాత్రూమ్ ఎంత దూరం, నేల ఎటు వాలింది, సాయంత్రం నీడ ఎటు పడుతుంది అన్నవి తేలాక నీళ్ళ అందం గురించి మాట్లాడుకోవచ్చు.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో అయిదు నెలల ముందు నుంచి బుకింగ్ తీసుకుంటారు. చాలా పార్కుల్లో సైట్ నంబర్ కూడా మనమే ఎంచుకోవచ్చు. పార్కు మ్యాప్ ఒక పక్క, శాటిలైట్ మ్యాప్ ఒక పక్క పెట్టుకుని చూస్తే ఎక్కడ చెట్లున్నాయో, ఎక్కడ ఉత్త గడ్డి ఉందో తెలిసిపోతుంది. మార్చి, ఏప్రిల్, అక్టోబర్ వారాంతాలు త్వరగా నిండిపోతాయి. అయినా బెంగ పడక్కర్లేదు. వాతావరణం చూసుకుని చివరి వారంలో కాన్సిల్ చేసేవాళ్ళు ఉంటారు, బుధ, గురువారాల్లో ఓ కన్నేసి ఉంచితే దొరికే అవకాశముంది. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళే ఉద్దేశం ఉంటే స్టేట్ పార్క్స్ పాస్ తీసుకోండి, కారులో ఉన్నవాళ్ళందరికీ ప్రవేశ రుసుము ఉండదు. సైట్ అద్దె మాత్రం వేరే కట్టాలి.

అన్నిటికంటే దగ్గరిది సీడర్ హిల్, జో పూల్ లేక్ ఒడ్డున. అర్వింగ్ నుంచి అరగంట. చిన్నపిల్లలతో మొదటిసారి టెంట్ వేసేవాళ్ళకి ఇదే చెప్తాను. అర్ధరాత్రి ఉరుములు మొదలైనా, పిల్లాడికి జ్వరం వచ్చినా ఇంటికి వచ్చేయొచ్చు. కానీ అడవి అనుకుని వెళ్తే నిరాశే. పొట్టి సీడర్ చెట్లు, సున్నపురాయి గుట్టలు, రాత్రి ఆకాశంలో ఊరి వెలుగు, పగలు నీళ్ళ మీద జెట్‌స్కీల గోల. అదే లేక్‌కి ఇంకో పక్కన గ్రాండ్ ప్రెయిరీ నగరం నడిపే లాయిడ్ పార్క్ ఉంది. అక్కడ చెట్లు దట్టం, సైట్లు విశాలం, క్యాబిన్లూ ఉన్నాయి. ఆ రెంటిలో నా ఓటు లాయిడ్‌కే.

ఫ్రిస్కో, ప్లేనో వాళ్ళకి రే రాబర్ట్స్ దగ్గర. ఇది ఒక పార్కు కాదు, ఒకే పెద్ద లేక్ చుట్టూ ఉన్న కొన్ని విభాగాలు. క్యాంపింగ్‌కి ముఖ్యమైనవి రెండు: దక్షిణాన పైలట్ పాయింట్ దగ్గర ఐల్ డు బోయిస్, ఉత్తరాన జాన్సన్ బ్రాంచ్. మ్యాప్ యాప్‌లో ఊరికే రే రాబర్ట్స్ అని కొట్టి బయల్దేరితే లేక్‌కి తప్పు వైపు తేలే ప్రమాదముంది. ఐల్ డు బోయిస్‌లో ఓక్ చెట్ల నీడ బాగుంటుంది, ఇసుక ఒడ్డు ఉంది, సైకిల్ తొక్కడానికి సిమెంటు బాట ఉంది. కరెంటు ఉన్న సైట్లు కారు పక్కనే. కారు ఆపి సామాను మోసుకుంటూ నడిచి వెళ్ళే సైట్లు నీళ్ళకి దగ్గరగా, ప్రశాంతంగా ఉంటాయి, కానీ మన వంట సరంజామాతో అంత దూరం నడవడం అంటే కూలి పనే. ఎక్కువ వానలు పడ్డ ఏడాది బయల్దేరే ముందు పార్కు తెరిచి ఉందో లేదో చూసుకోండి. 2015 వానలకి లేక్ పొంగి ఇక్కడ చాలా భాగం మూతపడింది.

ఇక నాకు బాగా నచ్చింది టైలర్ స్టేట్ పార్క్. రెండు గంటల ప్రయాణం. తూర్పుకి వెళ్ళేకొద్దీ ఎర్రమట్టి, పొడవాటి పైన్ చెట్లు మొదలవుతాయి, డాలస్ ఎండలో వాడిపోయిన కళ్ళకి అక్కడే సగం సెలవు దొరికినట్టవుతుంది. పార్కు వెయ్యి ఎకరాల లోపే, లేక్ 64 ఎకరాలే. ఆ చిన్నతనమే దాని సుఖం. పడవల వేగానికి హద్దు ఉంది కాబట్టి గోల ఉండదు, పిల్లలు ఎటు వెళ్ళినా చెట్ల సందుల్లోంచి కనిపిస్తారు. ఈత కొట్టే చోటు వేరే ఉంది, లైఫ్‌గార్డ్ మాత్రం ఉండడు. సీజన్‌లో కయాక్‌లు, పెడల్ బోట్లు అద్దెకిస్తారు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో పనిలేని కుర్రాళ్ళకి ప్రభుత్వం ఉపాధి చూపించిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ ఈ పార్కుని కట్టింది.

గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు టెంట్ కాకుండా ఇక్కడి స్క్రీన్డ్ షెల్టర్ తీసుకున్నాం. పైన కప్పు, చుట్టూ దోమతెర, కరెంటు, లోపల మంచాలు మాత్రం ఉండవు. మడత మంచాలు పట్టుకెళ్ళాం. "ఇంట్లో పరుపులు పెట్టుకుని ఇక్కడికొచ్చి పడుకోవడమేంటమ్మా" అని అత్తయ్యగారు మొదటి గంట గొణిగారు. మామయ్యగారు మాత్రం గాలం పట్టుకుని ఒడ్డున కూర్చుని భోజనానికి పిలిచినా రాలేదు. స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీంచి చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌ల సంగతి వేరు. ఒకచోట వెబ్‌సైట్ నిండా నీటి ఒడ్డు ఫొటోలే. తీరా వెళ్తే మా సైట్ రెండు పెద్ద ఆర్వీల (ఇల్లులాంటి బళ్ళ) మధ్య కంకర నేల, మేకు దిగదు. మార్చమంటే ఖాళీ లేదన్నారు, డబ్బు వెనక్కివ్వమంటే పాలసీ చూపించారు. స్నానాల గది మటుకు ఏ స్టేట్ పార్కులోనూ చూడనంత శుభ్రంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. శుభ్రమే మీకు ముఖ్యమైతే ప్రైవేటు వైపు చూడండి, కానీ ఫోన్ చేసి ఆ సైట్ నంబర్‌లో నేల ఎలా ఉందో అడిగాకే డబ్బు కట్టండి.

వంట విషయంలో నా పద్ధతి ఒకటే. మొదటి పూటకి పులిహోర, పెరుగన్నం ఇంటి దగ్గరే చేసుకోవాలి, టెంట్ వేసి అలసిపోయాక స్టవ్ వెలిగించే ఓపిక ఎవరికీ ఉండదు. కరెంటు సైట్ అయితే రైస్ కుక్కర్ పట్టుకెళ్ళండి. మొక్కజొన్న పొత్తులు, మసాలా పట్టించిన చికెన్ గ్రిల్ మీద సరిపోతాయి. కట్టెలు అడవిలో ఏరకూడదు, కొనుక్కోవాలి. ఎండలు ముదిరితే కౌంటీలు మంటలు నిషేధిస్తాయి, కాబట్టి గ్యాస్ స్టవ్ వెంట ఉండాలి. రాత్రి తినగా మిగిలినవి కారులో పెట్టి తాళం వేయండి, రాత్రిళ్ళు తిండి వెతుక్కుంటూ తిరిగే రకూన్లనే జంతువులకి కూలర్ మూత తీయడం బాగా వచ్చు. ఇంకోటి, బాత్రూమ్‌కి మగ్గు మర్చిపోవద్దు.

ఒక సైట్‌కి ఎనిమిది మందే. మూడు కుటుంబాలైతే పక్కపక్క సైట్లు తీసుకోవాలి. రాత్రి పదికి చప్పుడు ఆపాలన్న నియమం మనవాళ్ళకి అసలు మింగుడుపడదు. బ్లూటూత్ స్పీకర్ మీద పాటలు, అంత్యాక్షరి, ఆ తర్వాత రేంజర్ వచ్చి చెప్పడం, "కాసేపే కదా" అని ఇంకో పాట. పక్క టెంట్‌లో పసిపిల్ల ఉండొచ్చు కదండీ.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా టెంట్ జోలికి వెళ్ళకండి, రాత్రి కూడా ఉక్క తగ్గదు. ఏప్రిల్, మే నెలల్లో తుఫాను హెచ్చరికలు చూస్తూ ఉండాలి. నిప్పుచీమల పుట్ట ఉందేమో చూశాకే టెంట్ పరవండి. తగిలితే దురదపెట్టే, మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్క ఎలా ఉంటుందో పిల్లలకి ముందే ఫొటో చూపించండి.

ఇంకొంచెం దూరం వెళ్ళగలిగేవాళ్ళకి కాడో లేక్ ఉంది. మూడు గంటల దారి. నీళ్ళలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు, వాటికి వేలాడే, చూడ్డానికి నాచులా ఉండే బూడిదరంగు స్పానిష్ మాస్ మొక్కలు, ఇలాంటిది డాలస్ చుట్టుపక్కల ఎక్కడా లేదు. మొసళ్ళ జాతి ఆలిగేటర్లు ఉంటాయి కాబట్టి ఇక్కడ ఈత సంగతి మర్చిపోయి పడవెక్కండి. దోమలు విపరీతం, అందుకని టెంట్ కంటే ఇక్కడి పాత క్యాబిన్లే మేలు, పెద్దవాళ్ళకి మరీను. సైప్రస్ ఆకులు ఇటుకరంగుకి తిరిగే నవంబర్ వారాంతం కావాలంటే జూన్‌లోనే బుక్ చేసుకోవాలి. క్యాబిన్లు కొన్నే ఉన్నాయి. వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే అంత తొందర అక్కర్లేదు.