డాఖౌకి రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది

నలుగురికి కలిపి 220 యూరోలు. మన లెక్కలో దాదాపు ఇరవై వేల రూపాయలు. డబ్బు పోయిందన్న బాధ రెండు రోజుల్లో తగ్గింది. తగ్గనిది వేరే ఉంది. డాఖౌ అంటే జర్మనీలో నాజీల కాన్సంట్రేషన్ క్యాంపు ఉండిన ఊరు. వేలమంది చచ్చిపోయిన ఆ చోటుకి మమ్మల్ని తీసుకెళ్ళి, దాని గురించి తప్పు చెప్పి, వానలో వదిలేసి పోయాడు ఒక గైడు. ఇంకెవరూ అలా మోసపోకూడదని ఇదంతా రాస్తున్నాను.

2024 మే నెలలో మూడు వారాలు మ్యూనిక్‌లో ఉన్నాం. మా అబ్బాయి ఉద్యోగం అక్కడే. నేను, మా ఆయన, మా మరిది, తోడికోడలు, నలుగురం కలిసి వెళ్ళాం. నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట, సాల్జ్‌బర్గ్ చూశాం, బాగున్నాయి. డాఖౌ మాత్రం నేను పట్టుబట్టి పెట్టించిన ప్రయాణం. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. హిట్లర్ పాఠం వచ్చినప్పుడల్లా 'కాన్సంట్రేషన్ క్యాంపులు' అని బోర్డు మీద రాసి, రెండు వాక్యాల్లో దాటేసేదాన్ని. సిలబస్ తరుముతుండేది. ఆ రెండు వాక్యాల వెనక ఏముందో ఒక్కసారైనా కళ్ళతో చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

ఆ వారం అబ్బాయికి ఆఫీసులో ఊపిరి సలపని పని. అందుకని మా మరిది ఆన్‌లైన్‌లో వెతికి ఒక టూర్ బుక్ చేశాడు. 'ఇంగ్లీష్ గైడ్‌తో డాఖౌ, సగం రోజు', మనిషికి 45 యూరోలు. ఫొటోలు బాగున్నాయి, రివ్యూలు బాగున్నాయి. ఉదయం తొమ్మిదింపావుకి మ్యూనిక్ మెయిన్ స్టేషన్ బయట ఎర్ర గొడుగు పట్టుకున్న కుర్రాడి దగ్గరికి చేరాం. అప్పటికే ముప్పై అయిదు మంది దాకా ఉన్నారు. రైలు టికెట్ ఇందులో కలవలేదంటూ మనిషికి పది యూరోలు చేతికి తీసుకున్నాడు. అయిదుగురు పెద్దవాళ్ళ వరకు ఒకే టికెట్ మీద రోజంతా తిరగొచ్చని, అది సుమారు 20 యూరోలేనని అబ్బాయి చెప్తే ఆ రాత్రి తెలిసింది. అంటే మా నలుగురి దగ్గరే సగం మిగుల్చుకున్నాడు.

రైల్లో పెట్టె మధ్యలో నిలబడి గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు. హిట్లర్ మీసం మీద జోకులు వేశాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఆ తర్వాత, "మనం ఇప్పుడు చూడబోయే గ్యాస్ చాంబర్లో లక్షల మందిని చంపారు" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. నేను చదివింది అది కాదు. కానీ అక్కడ పని చేసేవాడికి నాకంటే ఎక్కువ తెలుసు కదా అని ఊరుకున్నాను. అలా ఊరుకోకుండా ఉండాల్సింది.

స్మారక కేంద్రం బయట విజిటర్ సెంటర్ ఉంటుంది. అక్కడికి రాగానే గొడుగు ముడిచాడు. "లోపల నేను మాట్లాడను. బోర్డులు ఇంగ్లీషులో ఉన్నాయి, చదువుకోండి. పన్నెండుంబావుకి బస్టాపు దగ్గరికి వచ్చేయండి." అంతే. ఒకావిడ నిలదీస్తే "లైసెన్స్ సంగతి ఉంది" అని గొణిగి కాఫీకి వెళ్ళిపోయాడు. అసలు సంగతి ఏమిటంటే, స్మారక కేంద్రం శిక్షణ ఇచ్చి అనుమతించిన వాళ్ళు తప్ప లోపల ఎవరూ గైడుగా మాట్లాడకూడదు. ఇతనికి ఆ అనుమతి లేదు. మేం 45 యూరోలు కట్టింది మమ్మల్ని రైలెక్కించి బస్సు దింపినందుకు!

సన్నగా వాన, దానికి తోడు గాలి. డాఖౌ లోపల తల దాచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎటు చూసినా కంకర పరిచిన ఖాళీ నేల. మా ఆయనకి మోకాలి నొప్పి. ప్రదర్శనశాలలో పలకలు చదువుతూ పోతే అవి అయ్యేవి కావు. దేని తర్వాత ఏది చూడాలో తెలీదు. మా మరిది ముఖం మాడ్చుకుని ఒక మూల నిలబడ్డాడు, బుక్ చేసింది తనే కదా. "అక్కా, వీళ్ళు ఎంత బాధపడ్డారో తెలుసుకుందామని వచ్చి మన తిప్పలు మనం పడుతున్నాం, నాకే సిగ్గుగా ఉంది" అంది తోడికోడలు. సరిగ్గా నా మనసులో మాట అదే. శవాల్ని కాల్చిన కొలుములున్న శ్మశానవాటిక వైపు వెళ్ళకుండానే వెనక్కి తిరిగాం, టైమైపోయిందని.

రాత్రి అబ్బాయి ఆ బుకింగ్ పేజీ చివరిదాకా చదివాడు. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'లోపల ఎవరికి వారే చూసుకోవాలి' అని ఉంది. డబ్బు వెనక్కి ఇమ్మని మెయిల్ పెట్టాం. జవాబు రాలేదు. "శనివారం నేను తీసుకెళ్తాను" అన్నాడు వాడు. మా మరిది రానన్నాడు. అరగంట బతిమాలితే గానీ ఒప్పుకోలేదు.

శనివారం ఎస్2 రైలెక్కాం. మెయిన్ స్టేషన్ నుంచి డాఖౌకి పాతిక నిమిషాల లోపే. స్టేషన్ బయట 726 నంబరు బస్సు నేరుగా స్మారకం దగ్గర దింపుతుంది. ప్రవేశం ఉచితం, ఎవరికీ టికెట్ లేదు. సమాచార కౌంటర్లో పదకొండు గంటల ఇంగ్లీష్ టూర్ కావాలన్నాం. అప్పుడు మనిషికి 4 యూరోలు! అయిదుగురికి 20. రెండున్నర గంటల టూర్. గైడు వెంట ముప్పై మందికి మించి పంపరు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకోటి ఉంది. వేసవిలో త్వరగా నిండిపోతాయి కాబట్టి తొమ్మిదిన్నర, పదికల్లా అక్కడ ఉండడం మంచిది.

మా గైడు అరవై ఏళ్ళ ఆవిడ. నీలం రంగు రెయిన్‌కోటు, చేతిలో నాలుగైదు పాత ఫొటోల కాపీలు. గట్టిగా మాట్లాడలేదు, మేమే దగ్గరికి జరిగి విన్నాం. గేటు దగ్గర చాలాసేపు ఆపింది. 'పని స్వేచ్ఛనిస్తుంది' అని జర్మన్‌లో ఇనుప అక్షరాలున్న ఆ తలుపు అసలుది కాదట. 2014లో ఎవరో ఎత్తుకెళ్ళారు. రెండేళ్ళ తర్వాత నార్వేలో దొరికింది. ఇప్పుడది లోపల ప్రదర్శనలో ఉంది, గేటుకి ఉన్నది నకలు. మొన్న ఆ నకలు ముందే మాతో వచ్చినవాళ్ళు సెల్ఫీలు తీసుకున్నారు. చెప్పేవాళ్ళు ఉంటే తీసుకునేవాళ్ళు కాదేమో.

ఈ క్యాంపు 1933 మార్చి 22న మొదలైంది. హిట్లర్ అధికారంలోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. మొదట తెచ్చింది కమ్యూనిస్టుల్ని, సోషల్ డెమోక్రాట్లని, అంటే సొంత దేశంలో తనని ఎదిరించినవాళ్ళని. 1938 నవంబరులో యూదుల మీద దాడులు జరిగాక పదివేల మందికి పైగా యూదుల్ని ఇక్కడికి తోలారు. తర్వాత యూరప్ అంతటి నుంచీ. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం విడిపించేసరికి మొత్తం రెండు లక్షల మందికి పైగా ఖైదీలు ఇక్కడా దీని ఉపక్యాంపుల్లోనూ ఉండి వెళ్ళారు. కనీసం 41,500 మంది చనిపోయారు. తర్వాత వచ్చిన క్యాంపులన్నిటికీ ఇదే నమూనా. పోలండ్‌లోని ఆష్విట్జ్ క్యాంపుకి అధిపతైన రుడాల్ఫ్ హోస్ పని నేర్చుకున్నది ఇక్కడే.

ఈ లెక్కలు పుస్తకంలోనూ దొరుకుతాయి. దొరకనిది ఆవిడ బ్యారక్‌లో చూపించింది. 34 బ్యారక్‌లలో ఇప్పుడు రెండే ఉన్నాయి, అవీ మళ్ళీ కట్టినవే. మిగతా వాటి చోట్లు నేల మీద సిమెంటు చట్రాలుగా కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక్కో అంకె. బ్యారక్ లోపల చెక్క అరలు వరసగా ఉన్నాయి. ఒక అర ముందు ఆగి, "ఇందులో ఒక గిన్నె, ఒక కప్పు, ఒక చెంచా" అంది. గిన్నె మీద ఒక్క నీటి చుక్క మరక కనిపించినా దెబ్బలే. చెక్క నేల అద్దంలా మెరవాలి. గడ్డి పరుపు మీది దుప్పటి అంచులు కొలిచినట్టు తిన్నగా ఉండాలి. రెండు వందల మంది కోసం కట్టిన బ్యారక్‌లో చివరికి రెండు వేల మంది దాకా కుక్కినప్పుడు ఆ నేల ఎలా మెరుస్తుంది? మెరవదని కొట్టేవాడికీ తెలుసు. నేను ఆ అర అంచు మీద చెయ్యి పెట్టబోయి తీసేశాను. నా వంటింట్లో స్టీలు గిన్నెలు తుడిచి బోర్లించే అర సరిగ్గా అంతే వెడల్పు ఉంటుంది.

బయట పొడుగాటి చెట్ల బాట. ఆ చివర కాలువ దాటితే శ్మశానవాటిక. అక్కడే ఆ గ్యాస్ చాంబర్, తలుపు మీద స్నానాల గది అని రాసి ఉంది. మొన్నటి కుర్రాడు చెప్పిన లక్షల మాట ఆవిడని అడిగాను. ఆవిడ ముఖం మారిపోయింది. ఇక్కడ గ్యాస్ చాంబర్ కట్టారు గానీ, మూకుమ్మడిగా చంపడానికి వాడలేదు. కొద్దిమందిని చంపారని ఒక ఖైదీ సాక్ష్యం ఉంది. పనికి పనికిరారనుకున్న రెండు వేల అయిదు వందల మందికి పైగా ఖైదీల్ని ఆస్ట్రియాలోని హార్ట్‌హైమ్ కోటకి పంపి అక్కడ గ్యాస్‌తో చంపారు. ఇక్కడ మనుషులు చచ్చింది ఆకలితో, టైఫస్‌తో, దెబ్బలతో, తుపాకులతో, వైద్య ప్రయోగాలతో. "ఇలాంటి ఒక్క తప్పు దొరికితే చాలు మేడమ్, అసలేమీ జరగలేదనే వాళ్ళు దాన్నే పట్టుకుంటారు" అంది. ఆ కుర్రాడు ఆష్విట్జ్ సంగతి తెచ్చి డాఖౌకి అంటగట్టాడు. ఆష్విట్జ్‌లో చంపింది సుమారు 11 లక్షల మందిని, అందులో 10 లక్షల దాకా యూదులే. రెండు చోట్లా జరిగింది ఘోరమే, కానీ జరిగింది ఒకటి కాదు.

ఇంకొకటి కూడా ఆవిడ చెప్పకపోతే మాకు కనిపించేదే కాదు. మేం ఇండియా నుంచి వచ్చామని విని, టూర్ అయ్యాక మమ్మల్ని మళ్ళీ శ్మశానవాటికకి తీసుకెళ్ళి గోడ మీద ఒక ఫలకం చూపించింది. నలుగురు ఆడవాళ్ళ పేర్లు, అందులో ఒకటి నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశంలో పిల్ల. తండ్రి సూఫీ సంగీతకారుడు. ఆయన మన హైదరాబాదులో ఉండే రోజుల్లోనే అక్కడి గురువు దగ్గర సూఫీ మార్గం పట్టాడు. ఈ అమ్మాయి బ్రిటిష్ రహస్య దళంలో చేరి, నాజీల చేతిలో ఉన్న పారిస్ నుంచి వైర్‌లెస్‌లో సందేశాలు పంపింది. పట్టుబడ్డాక నెలల తరబడి సంకెళ్ళు వేశారు. 1944 సెప్టెంబరు 13న ఇక్కడ కాల్చేశారు. ముప్పై ఏళ్ళే. మా తోడికోడలు ఫలకం మీద ఆ పేరు వేలితో రాసినట్టు కదిపి చూసి, అక్కడే కూలబడి ఏడ్చేసింది. మా మరిది వచ్చి భుజం పట్టుకున్నాడు. వారం రోజుల తర్వాత మళ్ళీ వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అప్పుడే చూశాను.

వెళ్ళాలనుకునే వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే గట్టిగా: స్మారక కేంద్రం వాళ్ళ సొంత టూర్ తీసుకోండి. ఆ టైముకి అందుకోలేకపోతే అక్కడే ఆడియో గైడ్ దొరుకుతుంది, ఎవరికి వారు నడవగలిగితే అదీ నయమే. అన్ని ఏజెన్సీలూ చెడ్డవని అనను, అనుమతి ఉన్న మంచి గైడ్లని పెట్టేవాళ్ళూ ఉన్నారు. కట్టేముందు "గైడు లోపలికి వచ్చి మాట్లాడతారా?" అని ఒకే ప్రశ్న రాసి అడగండి. అవునని తిన్నగా చెప్పకపోతే వదిలేయండి. పదమూడేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. అదే రోజు కోటనో బీరు హాలునో కలిపే ప్యాకేజీలు వద్దు. డాఖౌకి కనీసం అయిదు గంటలు కావాలి, ఆ తర్వాత ఇంకేమీ చూడబుద్ధి కాదు. గాలి ఆపే జాకెట్, నడవడానికి మంచి బూట్లు తప్పనిసరి. లోపల తినకూడదు. మా తోడికోడలు తెచ్చిన పులిహోర విజిటర్ సెంటర్ బయట బల్ల మీద తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

పోలండ్ వెళ్ళేవాళ్ళకి ఆష్విట్జ్‌లోనూ ఇదే మాట. అక్కడా ప్రవేశం ఉచితమే, గైడుకి డబ్బు కట్టాలి. క్రాకోవ్ వీధుల్లో బేరమాడే వాళ్ళ దగ్గర కాకుండా మెమోరియల్ సొంత సైట్‌లో చాలా ముందుగా బుక్ చేసుకోండి. మామూలు టూర్ మూడున్నర గంటలు, అక్కడి రెండు క్యాంపుల (ఆష్విట్జ్, బిర్కెనౌ) మధ్య మూడు కిలోమీటర్లు ఉచిత బస్సు ఉంటుంది.

వీడ్కోలు చెప్తూ ఆవిడ ఒక దారి చూపించింది. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో హెబర్ట్స్‌హౌసెన్ అనే చోట ఒక షూటింగ్ రేంజ్ ఉంది. 1941, 1942లలో నాలుగు వేల మందికి పైగా సోవియట్ యుద్ధ ఖైదీల్ని అక్కడ కాల్చి చంపారు. టూర్ వాళ్ళు అటు పోరట. మా ఆయన, మరిది, తోడికోడలు కాఫీ దగ్గర కూర్చున్నారు, నేనూ అబ్బాయీ నడిచాం. అరగంట పైనే పట్టింది. మేం తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్ళ తర్వాత తెలిసినంత వరకు పేర్లు రాసిన పలకలు వరసగా ఉన్నాయి. పక్కన పుట్టిన సంవత్సరాలు: 1918, 1920, 1921. అబ్బాయి పైకి చదువుతున్నాడు, నోరు తిరగని చోట ఆగి మళ్ళీ మొదటి నుంచి పలుకుతున్నాడు. మూడో పలక దాకా వచ్చేసరికి మా ఆయన ఫోన్ చేశారు, బస్సు ఇంకో నలభై నిమిషాల్లో ఉందని. దాని తర్వాత బస్సుకి వస్తామని చెప్పాను.