మార్పులు చేసిన పాత బైకుకు ధర కట్టే సేవ: తనిఖీ భేషుగ్గా ఉంది, చివరి పేజీతోనే పేచీ

ఐదేళ్లు నడిపిన నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650ని అమ్మాలనుకున్నప్పుడు, ఇంటికి వచ్చి పాత బండిని తనిఖీ చేసి, సరైన ధర ఎంతో నివేదిక రాసిచ్చే ఒక సంస్థ సేవను రుసుము చెల్లించి వాడుకున్నాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అది అనుసరించిన పద్ధతిని పరిశీలించడమే ఇటువంటి బండి అమ్మేవారికీ కొనేవారికీ ఎక్కువ పనికొస్తుంది. తనిఖీ విషయంలో ఆ సంస్థను మెచ్చుకోకుండా ఉండలేను. మార్పులకు విలువ కట్టిన తీరు మాత్రం నన్ను ఏడు వారాల పాటు తప్పుదారిలో నడిపించింది.

బండికి నేను చేయించిన మార్పులు ఇవి. రెండు వైపులా కంపెనీ సైలెన్సర్లు తీసి తేలికైనవి పెట్టించాను. వాటికి తగినట్టు ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంధనం పాళ్లను సర్దే కంట్రోలర్ ఒకటి అమర్చాను. వెనక షాకప్‌లు మార్చాను. క్రాష్ గార్డు, సామాను పెట్టుకునే క్యారియర్, కాస్త ఎత్తయిన హ్యాండిల్ బార్, ఎల్‌ఈడీ హెడ్‌లైటు వచ్చి చేరాయి. వెనక మడ్‌గార్డును, చూపుకు బాగుంటుందని ఎవరో చెబితే, పొట్టిగా కోయించాను. పెట్రోలు ట్యాంకు మీద గీత పడితే మొత్తం ట్యాంకుకు కొత్తగా రంగు వేయించాను. ఒక్కో పనికీ బిల్లు జాగ్రత్త చేశాను, వాటినన్నింటినీ సంస్థకు ముందుగానే పంపాను. అక్కడే పొరపాటు మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది.

తనిఖీకి వచ్చిన కుర్రవాడు బండి దగ్గర గంటన్నరకు పైగా ఉన్నాడు. వచ్చీ రాగానే స్టార్ట్ చేయమనలేదు. చేత్తో ఇంజన్ తాకి చల్లగా ఉందని నిర్ధారించుకున్న తరువాతే సెల్ఫ్ కొట్టాడు, ఎందుకంటే ముందే వేడెక్కించి పెట్టిన ఇంజన్ తన లోపాలను దాచుకోగలదు. ముందు చక్రాన్ని నేలకు తగలకుండా లేపించి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో ఇటూ అటూ మెల్లగా తిప్పాడు. నడిమధ్యకు వచ్చినప్పుడు చిన్న గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) అరిగిందని అర్థం, నా బండిలో ఆగలేదు. వెనక పళ్లచక్రం చివరన చైనును వేళ్లతో పట్టి వెనక్కి లాగి, పన్ను ఎంత మేరకు బయటపడుతోందో చూశాడు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల సంఖ్యను ఫొటో తీశాడు. 1423 అని ఉంటే ఆ టైరు 2023లో 14వ వారంలో తయారైనదని లెక్క. కొత్తగా వేయించానని నేను చెప్పిన మాటను అతను ఆ అంకెతో సరిచూసుకోవడం నాకు నచ్చింది.

ట్యాంకు దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు మౌనంగా ఉన్నాము. రంగు మందం కొలిచే చిన్న పరికరాన్ని ట్యాంకు కుడి వైపు ఆనించినప్పుడు 240 మైక్రాన్లు, ఎడమ వైపు 265 మైక్రాన్లు చూపింది. ఫ్యాక్టరీలో వేసిన రంగు సాధారణంగా 100 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. బండి ఎప్పుడైనా పడిందా అని అతను మర్యాదగానే అడిగాడు. పడలేదని చెప్పాను, అది నిజమే. అయినా ఆ ప్రశ్న అడిగించుకున్నప్పుడే నాకు ఒక సంగతి తెలిసివచ్చింది: నేను డబ్బు పోసి అందంగా చేయించిన ట్యాంకు, కొనేవాడి కళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవలసిన ట్యాంకు. ఆ పాత గీతే ఉండి ఉంటే ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఆపైన సీటు తీశాడు. కంట్రోలర్ వైరింగ్ ఒక్క తీగ కూడా కోయకుండా కంపెనీ కప్లర్ల (తీగలను కలిపే ప్లగ్గుల) మధ్యనే అమరి ఉందని, కాబట్టి విప్పితే బండి పూర్వస్థితికి వస్తుందని నివేదికలో రాశాడు. ఈ పరికరం బండి అసలు కంప్యూటరును ముట్టుకోదు, దానికీ ఇంజెక్టర్లకూ మధ్యలో కూర్చుని ఇంధనం చిమ్మే వ్యవధిని సవరిస్తుంది. అదే కంప్యూటరులోని ప్రోగ్రామునే తిరగరాయించి ఉంటే కంటితో కనిపెట్టడం కష్టం, అమ్మేవాడి నోటి మాట తప్ప కొనేవాడికి ఆధారం ఉండదు. హెడ్‌లైటు దగ్గర కథ వేరు. అక్కడ తీగలు కోసి మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి ఉన్నాయి. ఎండకు టేపు జిగురు కారి వేళ్లకు అంటుకుంది. ఆ అతుకును మూడు కోణాల నుంచి ఫొటో తీసి, 11వ పేజీలో "ప్రమాణానికి తగని జోడింపు" అని రాశాడు.

ఇంత శ్రద్ధగా సాగిన నివేదిక చివరి పేజీకి వచ్చేసరికి ఒక్కసారిగా గుమాస్తా లెక్కగా మారిపోయింది. డబ్బు విలువ చోటును బట్టి మారుతుంది కనుక, అదే ఏడాది తయారై, దాదాపు అంతే దూరం తిరిగి, ఏ మార్పూ చేయని ఇంటర్‌సెప్టర్ అమ్ముడుపోయే ధరను 100 అనుకుందాము. ఆ మూల ధరను సంస్థ చక్కగా పట్టుకుంది. ప్రకటనల్లో అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలను వదిలేసి, తమ వద్ద నిజంగా చేతులు మారిన బండ్ల ధరలను తీసుకుంది. ఇది చిన్న విషయం కాదు. నెలల తరబడి అమ్ముడుపోకుండా ఉన్న బండ్ల ప్రకటనలే మన కళ్లకు ఎక్కువగా కనిపిస్తాయి, సరైన ధరకు పెట్టినవి రెండు మూడు రోజుల్లోనే మాయమవుతాయి. అందువల్ల ప్రకటనల సగటు తీసినవాడికి ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువ ధరే దొరుకుతుంది.

ఆ 100 మీద సంస్థ చేసిన పనే నా ఫిర్యాదు. నేను అమర్చిన భాగాల బిల్లులన్నీ కూడితే 42 వచ్చింది: షాకప్‌లు 12, సైలెన్సర్లు 14, కంట్రోలరూ ఫిల్టరూ కలిపి 8, గార్డూ క్యారియరూ కలిపి 5, హ్యాండిల్ 2, హెడ్‌లైటు 1. అందులో సగం, అంటే 21, "మార్పుల విలువ" అన్న గడిలో వేసి, బండి సరైన ధర 121 అని తేల్చారు. 11వ పేజీలో తప్పని రాసిన హెడ్‌లైటుకు చివరి పేజీలో అరపాయింటు కలిసింది. కోసేసిన మడ్‌గార్డుకూ, రంగు మారిన ట్యాంకుకూ ఒక్క పాయింటు కూడా తగ్గలేదు. ఫొటోలు తీసిన చెయ్యి ఒకటి, లెక్క వేసిన చెయ్యి ఇంకొకటి అన్నది స్పష్టం. నాకు లాభమే కదా అని అప్పుడు నేను నోరు మెదపలేదని కూడా ఒప్పుకోవాలి.

121కి ప్రకటన పెట్టాను. ఏడు వారాల్లో చాలా ఫోన్లు వచ్చాయి. మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది ధర కన్నా ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: "కంపెనీ సైలెన్సర్లు ఉన్నాయా అండీ?" మధ్యలో ఒక పాత బండ్ల వ్యాపారికి చూపిస్తే, అతను బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "మార్పులు చేసిన బండి సార్, నేను మళ్లీ అన్నీ విప్పించాలి" అంటూ 74 చెప్పాడు. అతని మాటలో బేరం సగమైనా, నిజం సగం ఉంది. ధర చెప్పే ఇద్దరి మధ్య ఇంత దూరం ఉండటానికి కారణం ఒక్కటే. ఒకరు నేను ఖర్చు పెట్టిన డబ్బుకు విలువ కట్టారు, ఇంకొకరు దాన్ని సరిచేయడానికి తనకయ్యే ఖర్చుకు విలువ కట్టారు. కొనబోయేవాడికి ఆ వస్తువు ఎంత అవసరమో ఇద్దరూ చూడలేదు.

అప్పుడు నివేదిక మొదటి పేజీలను పక్కన పెట్టుకుని నా లెక్క నేనే వేసుకున్నాను. ఈ బండికి ఫ్యాక్టరీ నుంచి వచ్చే వెనక షాకప్‌ల కదలిక 88 మిల్లీమీటర్లే, కొన్నవాళ్లలో చాలామంది త్వరగా మార్చాలనుకునే భాగం అదే. కాబట్టి మంచి షాకప్‌లకు, సర్వీసు చేయించిన కాగితం కూడా ఉన్నందున, 12లో 5 వేసుకోవడం న్యాయమనిపించింది. గార్డూ క్యారియరూ కావాలనుకునేవాడికి వరం, వద్దనుకునేవాడికి రెండు బోల్టులు విప్పే పని, అందుకని 2. హ్యాండిల్‌కు సున్నా. అది నా చేతుల పొడవుకు తగినది, ఇంకొకరి చేతులకు దానితో సంబంధం లేదు. టైర్లూ చైన్ కిట్టూ కొత్తవి కావడం అసలు మార్పే కాదు, అరిగినదాన్ని భర్తీ చేయడం. అయితే మూల ధర సగం అరిగిన టైర్లున్న బండిది కనుక 3 కలిపాను. తీసివేతల్లో మడ్‌గార్డు కొత్తది తెచ్చి బిగించడానికి 4, హెడ్‌లైటు వైరింగ్ సరిచేయించడానికి 2. ట్యాంకు గురించి ఎక్కువసేపు నాతో నేనే వాదించుకుని చివరకు 5 తీసేశాను, ఎందుకంటే అనుమానానికి కూడా ధర ఉంటుంది, దాన్ని కొనేవాడే భరించాలనడం న్యాయం కాదు. అన్నీ పోగా 99 మిగిలింది. ఐదేళ్ల ముచ్చట్లన్నీ కలిసి ఒక పాయింటు నష్టం తెచ్చాయన్నమాట.

ఈ లెక్కలో నేను ఏమీ కలపని సైలెన్సర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ధర ఎక్కువగా చెడేది అక్కడే. ఈ 648 సీసీ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 270 డిగ్రీల అమరికతో ఉండటం వల్ల దాని శబ్దానికి ఒక ప్రత్యేకమైన లయ ఉంది, దాన్ని గట్టిగా వినాలనే కోరికతోనే చాలామంది సైలెన్సర్లు మారుస్తారు. నేనూ అందుకే మార్చాను. కానీ పెట్టిన సైలెన్సరుపై ఆమోద ముద్ర లేకపోయినా, లోపలి శబ్ద నిరోధకం తీసేసి ఉన్నా, శబ్దానికీ పొగకూ పరీక్ష ఉన్న ఏ చోటైనా అది కొత్త యజమానికి తలనొప్పే. బీమా సంస్థకు చెప్పని మార్పులు ప్రమాదం జరిగిన రోజున అడ్డం తిరగవచ్చు. పైగా సైలెన్సరూ ఫిల్టరూ ఉంచి కంట్రోలరును మాత్రం తీసేస్తే గాలి ఎక్కువై ఇంధనం చాలక ఇంజన్ వేడెక్కే అవకాశం ఉంటుంది. అంటే ఈ మూడూ ఒక జట్టు: ఉంటే మూడూ ఉండాలి, పోతే మూడూ పోవాలి. నివేదిక వాటిని వేర్వేరు వరుసల్లో వేసి వేర్వేరుగా కూడింది.

అదృష్టం కొద్దీ కంపెనీ సైలెన్సర్లు పాత దుప్పటిలో చుట్టి అటక మీద ఉన్నాయి. ఒక శనివారం పొద్దున్న వాటిని దించి, తుడిచి, బిగించాను. ఫిల్టరు మార్చి, కంట్రోలర్ కప్లర్లు ఊడదీసి, కంపెనీ కప్లర్లను మళ్లీ కలిపాను. విడిగా సైలెన్సర్ల జతకు 6, కంట్రోలరుకు 3 వచ్చాయి. బండి మీద ఉన్నప్పుడు ఎవరూ పైసా ఇవ్వని వస్తువులకు, విప్పి నేల మీద పెట్టగానే గిరాకీ రావడం చూసి నవ్వొచ్చింది. కంపెనీ హ్యాండిల్‌ను కూడా శుభ్రం చేసి బండితో పాటు ఇవ్వడానికి సిద్ధంగా పెట్టాను.

బేరానికి కాస్త చోటు ఉంచి 103కి కొత్త ప్రకటన రాశాను. ట్యాంకు రంగు, మడ్‌గార్డు, నల్ల టేపు అతుకు ఫొటోలతో సహా అన్నీ పెట్టాను. తనిఖీ నివేదికను కూడా జతచేశాను, చివరి పేజీ తప్ప. తొమ్మిదో రోజున బండి 98కి అమ్ముడుపోయింది. కొన్నాయన నివేదిక మొత్తం చదివి వచ్చాడు. కోన్ సెట్, చైను మళ్లీ చూడలేదు, నేరుగా సీటు తీసి కప్లర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో మాత్రం చూశాడు. విడిభాగాలతో కలిపి నా చేతికి వచ్చింది 107.

ఈ సేవకు నేనిచ్చే తీర్పు రెండు ముక్కలుగానే ఉంటుంది. మార్పులు చేసిన బండిని కొనబోయేవారు నిస్సంకోచంగా ఈ తనిఖీ చేయించుకోవచ్చు. అతుకులు, రంగు మందం, టైరు వయసు, కోన్ సెట్ వంటివి పట్టుకోవడంలో ఆ కుర్రవాడి పనితనానికి ఐదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను. ఇంజన్ లోపల పని చేయించిన బండ్లకు మాత్రం ఇది చాలదు. సిలిండరు విప్పి పెద్ద పిస్టన్ వేశారా, వేస్తే ఎవరు వేశారు అన్నది బయటి తనిఖీకి అందదు, అక్కడ బిల్లు కన్నా పని చేసిన మెకానిక్ పేరుకే విలువ. మార్పుల ధర నిర్ణయానికి ఐదుకు ఒక్క మార్కు, అది కూడా మూల ధరను నిజమైన అమ్మకాల నుంచి తీసుకున్నందుకే.

బండి అమ్మిన తరువాత ఈ సంగతులన్నీ వివరంగా సంస్థకు రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. హెడ్‌లైటు అరపాయింటును తీసేసి సవరించిన నివేదిక పంపారు, అందులో నా బండి సరైన ధర 120.5 అని ఉంది.