టెలీ మానస్ 14416: విద్యార్థులకు ఎంతవరకు పనికొస్తుంది?

చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ గది సాయంత్రానికి మూతపడుతుంది. బెంగ ఎక్కువయ్యేదేమో రాత్రిపూట. అందుకే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ విద్యార్థులకు నిజమైన ఆసరా. 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మొదట రికార్డు గొంతు భాష అడుగుతుంది. అది వినగానే ఫోన్ పెట్టేయకండి, తెలుగు ఎంచుకుంటే కౌన్సెలర్ లైన్లోకి వస్తారు.

రూమ్మేట్ వింటుంటే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి, కాబట్టి ఫోన్ బయటి నుంచి చేయండి. నిద్ర, తిండి, చదువు ఎప్పటినుంచి దెబ్బతిన్నాయో చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అదే మొట్టమొదట చెప్పాలి. అవసరమైతే సైకియాట్రిస్టుతో మాట్లాడిస్తారు, లేదా ఆసుపత్రికి వెళ్లమంటారు.

ప్రతిసారీ అదే కౌన్సెలర్ దొరకకపోవచ్చు, అదే లోటు. వారం వారం ఒకే మనిషితో మాట్లాడాలనుకుంటే క్యాంపస్ కౌన్సెలరే మేలు.