వేలికి తొడిగే బ్రష్: మా చిట్టి నోటి విషయంలో ఇన్నాళ్ళ అనుభవం

వేలికి తొడుక్కునే, పైన చిన్న చిన్న బొడిపెలుండే సిలికాన్ బ్రష్‌ని మా కుక్కపిల్ల చిట్టికి పాలపళ్ళు ఊడిన దగ్గర్నుంచి వాడుతున్నాం. చూడ్డానికి ఎలా ఉంటుందో, ఎంతకొస్తుందో అందరికీ తెలిసిందే, ఆ వివరాల జోలికి పోను. నాకిది ఇంత ఇష్టం కావడానికి కారణం ఒక్కటే. తొడుగు పల్చన. వేలు పన్ను మీద ఉందా, చిగుళ్ళ మీద ఉందా, చిగుళ్ళు గట్టిగా ఉన్నాయా, ఉబ్బి మెత్తబడ్డాయా అన్నది తోముతుండగానే తెలిసిపోతుంది. పొడుగు పిడి బ్రష్ ఎంత ఖరీదైనదైనా ఈ కబురు చేతికి చేరవెయ్యదు.

కుక్కలకి మనకొచ్చినట్టు పిప్పిపళ్ళు రావడం తక్కువ. వాటి అసలు బాధంతా పాచి, గార, చిగుళ్ళ జబ్బు. చిన్న జాతులకి మరీను. చిట్టిని పమేరియన్ అని చెప్పి ఇచ్చారు గానీ, మన ఊళ్ళలో ఆ పేరుతో తిరిగే స్పిట్జే అది. పెద్ద కుక్కకి ఉండే 42 పళ్ళే దానికీ ఉన్నాయి, అంత చిన్న దవడలో ఒకదాన్నొకటి తోసుకుంటూ. పైగా నొప్పి ఉన్నా చెప్పదు. ఒక పక్క పళ్ళతో నమలడం మానేసి రెండో పక్కతో కానిచ్చేస్తుంది.

మాది కోనసీమలో అంబాజీపేట పక్క పల్లె. కొబ్బరి దింపు అయ్యాక కాయలు దొడ్లో రాశి పోసి ఒలిపిస్తాం. ఒలిచిన పీచు డొక్కల గుట్ట లేచిందంటే చిట్టికి పండగే. ఒక డొక్క లాక్కెళ్ళి అరుగు కింద పెట్టుకుని పీచు పీచు చేస్తుంది. ఆ మధ్య ఒక దింపు అయ్యాక దాని తిండి తీరు మారింది. చేప ముళ్ళు తీసి కలిపిన అన్నం తింటోంది, గట్టి బిస్కెట్ వేస్తే నోట్లో పెట్టుకుని వదిలేస్తోంది. "ఎండ దెబ్బేమోనండి, మజ్జిగ పొయ్యండి" అన్నాడు ఒలుపుకి వచ్చిన పెద్దాయన. అమ్మ కూడా ఎండే అంది. పెదవి ఎత్తి ఫోన్ లైటు వేసి చూశాను. కుడి పక్క కొంచెం ఎర్రగా ఉంది. అంతకు మించి కంటికేమీ ఆనలేదు.

సాయంత్రం రోజూలాగే తొడుగు వేసుకుని తోముతున్నాను. పై దవడలో, చెంప లోపల, అన్నిటికన్నా పెద్ద పన్ను ఒకటి ఉంటుంది. దాని వెనక అంచు దాటుతుంటే బొడిపెలకి ఏదో తగులుకుంది. వేలు వెనక్కి తీస్తే మళ్ళీ అక్కడే ఆగింది. చిట్టి తల విదిలించుకుంది, అది ఎప్పుడూ అలా చెయ్యదు. తొడుగు తీసి ఉత్త వేలితో తడిమితే ఏమీ తెలియలేదు, లాలాజలానికి వేలు జారిపోతోంది. తొడుగు వేసుకుంటే మాత్రం ఆ చోట చిన్న పట్టు, స్పష్టంగా.

పొద్దున్నే అమలాపురం తీసుకెళ్ళాం. నేనూ అమ్మా పట్టుకుంటే డాక్టర్ గారు నేను చూపించిన చోట సన్నని పట్టకారు పెట్టి మెల్లగా లాగారు. కొబ్బరి పీచు! పన్ను మొదట్లో చుట్టుకుని, చిగురు లోపలికి దిగిపోయింది. లాగుతుంటే వస్తూనే ఉంది. చివర్న కొంచెం చీము, దాంతో పాటు ఒక కుళ్ళు వాసన. క్లోర్‌హెక్సిడిన్ మందుతో కడిగి, యాంటీబయాటిక్ రాసిచ్చారు. "ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే పన్ను వదులైపోయేదండి. లోపలున్నదాన్ని మీరెలా పట్టారు?" అని అడిగారు. జేబులోంచి తొడుగు తీసి చూపించాను. ఆయన దాన్ని తన వేలికి పెట్టుకుని మరీ చూశారు. నాలుగు రోజులకల్లా చిట్టి బిస్కెట్ కరకరా నమిలింది. ఆ చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. ఆ పూట నాకు కలిగిన సంతోషం వల్లే ఇదంతా రాస్తున్నాను.

కొన్న కొత్తలో మాత్రం, ఇదొక్కటుంటే ఇంకే బ్రష్షూ అక్కర్లేదని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పుడు అనను. ఏడాది పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టర్ గారు పెదవి బాగా వెనక్కి లాగి చూపించారు. ముందు పళ్ళు, కోరలు తెల్లగా ఉన్నాయి. ఆ పెద్ద పన్ను మీదా, దాని వెనకా గోధుమ రంగు గార. లాలాజలం వచ్చే నాళం తెరుచుకునేది అక్కడే, అందుకే గార ముందు పట్టేదీ అక్కడే. బొడిపెలు పన్ను ఒంటిని రుద్దుతాయి గానీ, పన్నూ చిగురూ కలిసే గీతలోకి దిగవు. కుచ్చు బ్రష్‌ని వాలుగా పెడితే ఆ వెంట్రుకలు దిగుతాయి. పాచి రెండు మూడు రోజుల్లో గట్టిపడి గార అవుతుంది. అయ్యాక ఏ బ్రష్షూ దాన్ని కదపలేదు.

రక్త పరీక్ష చేయించి, విజయవాడలో మత్తిచ్చి శుభ్రం చేయించాం. మత్తు అంటే ఇంట్లో అందరికీ టెన్షనే. ఒక గ్రూమింగ్ షాపువాళ్ళు మత్తు లేకుండా గీకేస్తామన్నారు, ఒప్పుకోలేదు. పైకి కనపడే గార గీకితే పళ్ళు తెల్లగా అవుతాయి, అంతే. జబ్బుండేది చిగురు కింద. మెలకువగా ఉన్న కుక్క అక్కడ పరికరం పెట్టనివ్వదు. అలా తెల్లబడ్డ పళ్ళు చూసి అంతా బాగుందనుకోవడం ఇంకా ప్రమాదం.

అప్పట్నుంచి మా పద్ధతి మారింది. ఆ పెద్ద పన్నుకీ, వెనక పళ్ళకీ చంటిపిల్లల మెత్తటి బ్రష్. మిగతా నోరంతా వేలి తొడుగు. ఆఖర్న పేస్టు లేకుండా చిగుళ్ళ వెంట ఒకసారి వేలు పోనిస్తాను, అది శుభ్రానికి కాదు, తడిమి చూడ్డానికే. నాలిక వైపు కోసం పెనుగులాడను. గార ఎక్కువ పట్టేది చెంప వైపే.

పేస్టు మాత్రం కుక్కలదే, మాది చికెన్ రుచిది. మన పేస్టు వద్దు. కుక్క ఉమ్మెయ్యలేదు, నురగ, ఫ్లోరైడ్ అన్నీ కడుపులోకే పోతాయి. కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కల రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడేస్తుంది, కాలేయాన్నీ పాడుచేస్తుంది. ఎముక వేస్తే పళ్ళు అవే శుభ్రమవుతాయి అనే మాట మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వింటాను. విన్నప్పుడల్లా బాధేస్తుంది. గట్టి ఎముక కొరికితే ఎక్కువగా విరిగేది ఆ పెద్ద పన్నే, నిలువునా పెచ్చు ఊడిపోతుంది. లోపల చీము పడితే కంటి కింద వాపు వస్తుంది, కంటి జబ్బు అనుకుని చుక్కల మందు వేసేవాళ్ళున్నారు. గోరుతో నొక్కితే నొక్కు పడనంత గట్టి వస్తువేదీ నమలడానికి ఇవ్వొద్దని డాక్టర్ గారు చెప్పిన గుర్తు నాకు బాగా పనికొచ్చింది.

మన్నిక గురించి గొప్పగా చెప్పలేను. కోరలు తగిలి మడత దగ్గర చిరుగుతుంది. చిరిగిన ముక్క మింగితే పేగులకి ముప్పు, అందుకని వాడేముందు వెలుతురుకి పెట్టి చూసి, గీత కనపడితే పారేస్తాను. మా శ్రావణమాసపు ముసుర్లలో కుచ్చు బ్రష్ ఎంతకీ ఆరక వాసనేస్తుంది. ఇది వేణ్ణీళ్ళలో జాడించి తుడిస్తే అప్పుడే ఆరిపోతుంది. ఇక్కడివాళ్ళకి అదొక సుఖం.

చిట్టి నెమ్మదైంది, పిల్లప్పట్నుంచీ నోట్లో వేలు పెట్టనిస్తుంది, ఇంట్లో పట్టుకోడానికి ఇంకో మనిషి ఉన్నారు. మా దొడ్లో డొక్కలున్నంత కాలం నేనిది కొంటూనే ఉంటాను. కరిచే అలవాటున్న కుక్కకైతే, పెద్దయ్యాక ఇంటికొచ్చిన కుక్కకైతే దీంతో మొదలుపెట్టమని చెప్పను, కాటు పడేది మీ వేలి మీదే. లాబ్రడార్ లాంటి పొడుగు మూతి కుక్కకి వేలు వెనకదాకా అందడం కష్టం, దానికి పొడుగు పిడి బ్రష్షే కొంటాను. కొనేటప్పుడు సైజు చూసుకోండి, వదులైతే నోట్లోనే జారిపోతుంది.