గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ వేసి ఏళ్ళు వాడాక నా మాట

నాది 2019 మోడల్, ఐ5 9300హెచ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, లోపల 1 టీబీ హార్డ్ డిస్క్. కార్డుకీ ప్రాసెసర్‌కీ వంక పెట్టేది లేదు కానీ విండోస్ లేచాక టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ నూటికి నూరు చూపిస్తూనే ఉండేది, ఆ టైంలో ఏది క్లిక్ చేసినా కదలదు. 5400 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకి వంద ఎంబీ చదవడమే గొప్ప, అదీ పెద్ద ఫైల్ వరసగా ఉంటేనే, విండోస్‌కి కావాల్సినవేమో వేలకొద్దీ చిన్న ఫైళ్ళు, ఒక్కోదానికీ డిస్క్ చదివే హెడ్ అటూ ఇటూ జరగాలి కదా.

అందుకే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో శామ్‌సంగ్ 970 ఈవో ప్లస్ 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నా, దీంట్లో తిరిగే డిస్క్ ఉండదు, అంతా చిప్పుల్లోనే. ఇది ఎన్‌వీఎంఈ అనే స్పీడ్ రకం, సెకనుకి 3500 ఎంబీ దాకా చదువుద్ది, అదే సాటా అనే పాత రకం ఎస్ఎస్‌డీ అయితే 550 దగ్గర ఆగిపోద్ది. షాపుకెళ్ళే ముందు మీ మోడల్ మాన్యువల్ చూసుకోండి, ఎందుకంటే కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ దూర్చే ఎం.2 స్లాట్ ఉన్నా అది సాటాకే పనిచేస్తది, పైకి చూస్తే తేడా తెలీదు.

బిగించడం అంత కష్టమేం కాదు. అడుగు మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ పీకెయ్యాలి, డ్రైవ్‌ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కి ఒక్క స్క్రూ వేస్తే అయిపోద్ది. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చెయ్యకుండా విండోస్ ఫ్రెష్‌గా ఎక్కించా, పాత చెత్తంతా పోయింది. మీది ఇంటెల్ 11వ జనరేషన్ లేదా ఆ తర్వాతది అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవ్ కనపడకపోవచ్చు, కంగారు పడొద్దు, వీఎండీ అని ఇంటెల్ వాళ్ళ స్టోరేజ్ సెట్టింగ్ ఒకటుంటది, దాని డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు.

ఇంక అందరూ అడిగేది, ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి కనపడే ఫ్రేములు, పెరుగుద్దా అని. పెరగదు అండి, ఆ పని కార్డుది. పోయేది జెర్క్‌లు. ఓపెన్ వరల్డ్ గేముల్లో బండి స్పీడ్‌గా తోలుతుంటే రోడ్డూ బిల్డింగులూ లేటుగా ప్రత్యక్షమయ్యేవి, గేమ్ అరక్షణం బిగుసుకుపోయేది, అది పూర్తిగా పోయింది, నాకు దీనికోసమే పెట్టిన డబ్బులు గిట్టాయి అనిపించింది. లోడింగ్ టైం కూడా బాగా తగ్గుద్ది కానీ అన్నిట్లో కాదు. జీటీఏ ఆన్‌లైన్ చూడండి, ఎంత మంచి ఎస్ఎస్‌డీ వేసినా నిమిషాలకొద్దీ లోడ్ అయ్యేది, 2021లో ఒక ప్లేయర్ కూర్చుని వెతికితే తేలింది ఏంటంటే 10 ఎంబీ ఫైల్ ఒకదాన్ని గేమ్ చదివే పద్ధతే తప్పు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతోంది. కంపెనీ వాళ్ళు ఆ మార్చిలో ప్యాచ్ ఇచ్చాకే అది తగ్గింది. అతను నిజంగా గొప్ప పని చేశాడు.

ఇప్పుడైతే ఎస్ఎస్‌డీ తప్పనిసరి అయిపోతోంది, సైబర్‌పంక్ 2077కి 2023లో 2.0 అప్‌డేట్ వచ్చినప్పట్నుంచి మినిమం రిక్వైర్‌మెంట్స్‌లోనే ఎస్ఎస్‌డీ అడుగుతున్నారు. సైజు విషయంలో 512 జీబీ చాలదు, రెడ్ డెడ్ 2 ఒక్కదానికే 150 జీబీ కావాలి. 1 టీబీ కొన్నా విండోస్‌లో కనపడేది 931 జీబీ, అందులోనూ కొంత ఖాళీ వదలాలి, నిండేకొద్దీ రాసే స్పీడ్ పడిపోద్ది.

ఇన్నేళ్ళ తర్వాత డ్రైవ్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో హెల్త్ ఇంకా తొంభై శాతం పైనే ఉంది. దీనికి కంపెనీ ఇచ్చిన వారంటీ 600 టీబీ డేటా రాసేదాకా లేదా 5 ఏళ్ళు, మామూలుగా గేములాడేవాళ్ళు ఆ 600 దాకా పోవడం కష్టం. వేడి మాత్రం చూసుకోండి, ఎండాకాలంలో గేమ్ మధ్యలో 60 డిగ్రీలు దాటుద్ది, పనిచేసే లిమిట్ 70 అని రాశారు, అందుకే ల్యాప్‌టాప్ కింద స్టాండ్ పెడతా, మంచం మీద అస్సలు ఆడను.

పాత హార్డ్ డిస్క్ పారెయ్యకండి, దాని చోట్లోనే ఉంచి ఫొటోలు బ్యాకప్ పెట్టుకోండి. ఎస్ఎస్‌డీలో ఫైల్ డిలీట్ అయితే ఆ చోటుని తుడిచేసే ట్రిమ్ వల్ల మళ్ళీ రికవరీ దాదాపు కుదరదు. ర్యామ్ కూడా 8 జీబీయే ఉంటే మూత ఎలాగూ తీస్తారు కాబట్టి అప్పుడే 16 చేయించెయ్యండి.