గోడకు అతికించే వాల్‌పేపర్: రోల్ కంటే ముందు గోడను చూడండి

కొత్త ఇంట్లోకి దిగి, హాలు కాస్త అందంగా సర్దుకుందామనుకునేవాళ్లు ముందుగా కొనేవాటిలో స్టిక్కర్ వాల్‌పేపర్ ఒకటి. వెనక కాగితం ఊడదీసి నొక్కితే చాలు, పెయింటర్ అక్కర్లేదు, ఒక్క పూటలో గోడ మారిపోతుందని అమ్ముతారు. సరైన గోడ మీద ఆ మాట నిజమే. కానీ అదే రోల్ ఒకరింట్లో ఏళ్లతరబడి నిలుస్తుంది, పక్కింట్లో నాలుగు నెలలకే పైఅంచు నుంచి వాలిపోతుంది. ఎందుకంటే ఈ షీటు పట్టుకునేది గోడను కాదు, గోడ మీద వేసిన ఆఖరి పూతను. ఆ పూత గోడను ఎంత గట్టిగా పట్టుకుని ఉందో, షీటు కూడా అంతే గట్టిగా నిలుస్తుంది.

మన మార్కెట్లో ఎక్కువగా కనిపించేది 45 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవున్న రోల్. పల్చటి పీవీసీ షీటు, వెనక జిగురు, ఆ జిగురును కాపాడే నున్నటి కాగితం, దాని మీద కొలతకు గళ్లు. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి గానీ తేడా మందంలో ఉంది. షీటు మూలను రెండు వేళ్లతో కొంచెం లాగి చూడండి. రబ్బరులా సాగిందంటే ఆ రోల్ వదిలేయండి. అతికించేటప్పుడు సాగిన షీటు తర్వాత మెల్లగా తన అసలు కొలతకు ముడుచుకుంటుంది. అప్పుడు రెండు పట్టీల మధ్య సన్నటి తెల్లగీత తేలుతుంది. మెరిసే రకం కంటే మెరుపులేని, కాస్త గరుకుగా ఉండేది మేలు. ఇటుక గోడకు చేసిన ప్లాస్టరింగ్ ఎంత నున్నగా కనిపించినా దానిలో ఎత్తుపల్లాలు ఉంటాయి. కిటికీ నుంచి వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు మెరిసే షీటు వాటన్నిటినీ బయటపెడుతుంది.

ఇక గోడ సంగతి. అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో డిస్టెంపరో అయ్యుంటుంది, ఆ గోడ మీద ఈ షీటు నిలవదు. డిస్టెంపర్‌లో సుద్ద ఎక్కువ. జిగురు ఆ సుద్దను పట్టుకుంటుంది, సుద్ద గోడను వదిలేస్తుంది. ఊడిన షీటు వెనక చూస్తే పిండి చల్లినట్టుంటుంది. దాని మీదే ఒక కోటు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టించి అతికించమని కొందరు సలహా ఇస్తారు. అదీ అంతంతమాత్రమే, ప్రైమర్ కింద సుద్ద అలాగే ఉంటుంది కదా. డిస్టెంపర్‌ను గీకి, తడిబట్టతో కడిగి, ఆరనిచ్చి, ఆ తర్వాత ప్రైమర్ వేస్తేనే ఫలితం.

చెయ్యి శుభ్రంగా వస్తే రెండో పరీక్ష. బ్రౌన్ టేపు ఒక జానెడు ముక్క అతికించి, గోరుతో బాగా రుద్ది, పది నిమిషాలాగి ఒక్కసారిగా లాగండి. ఇలా నాలుగైదు చోట్ల, ముఖ్యంగా కిటికీ కింద, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్స్ వరుస) పైన చూడాలి. టేపుతోపాటు రంగు పెచ్చు లేచిందంటే లప్పం (గోడను నున్నగా చేసే పుట్టీ) మీద ప్రైమర్ లేకుండా నేరుగా రంగు కొట్టారని అనుమానించాలి. అద్దె ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అక్కడ షీటు ముందు బాగానే నిలుస్తుంది. చిక్కంతా తీసేటప్పుడే: రంగు, దాని కింద లప్పం కలిసి పలకలుగా వచ్చేస్తాయి.

మూడోది చెమ్మ పరీక్ష, దీన్ని మాత్రం ఎవరూ దాటేయకూడదు. అడుగున్నర చదరం పాలిథిన్ కవరును నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే గోడలో తేమ ఉన్నట్టే. బాత్‌రూమ్‌కు అవతలి గోడ, పై అంతస్తు పైపులు దిగే గోడ, వాన నేరుగా కొట్టే గోడ, ఈ మూడింటినీ తప్పక చూడాలి. పీవీసీ లోంచి ఆవిరి బయటకు పోదు. మామూలు రంగు వేసిన గోడ వానల్లో తడిసినా ఎండల్లో ఆరుతుంది. పీవీసీ కప్పేస్తే ఆ దారి మూసుకుపోయి, వెనక నల్లటి బూజు పెరుగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ పనే పెట్టుకోకపోవడం మంచిది. ఉప్పు పొంగి, పెచ్చులూడుతున్న గోడను దీనితో కప్పుదామనే ఆలోచన అసలే వద్దు. ముందు లీకు ఆపించాలి.

కొత్తగా రంగు వేసిన ఫ్లాటయితే తొందరపడకండి. ఎమల్షన్ రంగు, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు, గంటల్లో చేతికి అంటకుండా ఆరుతుంది గానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. గృహప్రవేశం లోపు అయిపోవాలని వారానికే అతికిస్తే లోపలి తేమ బుడగలుగా లేస్తుంది. ఇంకొక మెలిక ఖరీదైన రంగులతో ఉంది. మరకలు అంటకుండా తయారుచేసిన ఎమల్షన్ మీద కాఫీ మరక నిలవనట్టే జిగురూ సరిగా నిలవదు. అలాంటి గోడ మీద చిన్న ముక్క అతికించి, వారం రోజులు గమనించాకే మొత్తం రోల్స్ కొనండి.

ఎన్ని రోల్స్ కావాలన్న దగ్గర దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 100 చదరపు అడుగులు. రోల్ మీద 48 చదరపు అడుగులని ఉంటుంది. రెండు రోల్స్, ఒక చిన్న ముక్క తక్కువ, సర్దుకోవచ్చనిపిస్తుంది. లెక్క వేయాల్సింది పట్టీలతో. 10 అడుగులంటే 305 సెంటీమీటర్లు. 45 సెంటీమీటర్ల వెడల్పుతో ఆ గోడకు ఏడు పట్టీలు కావాలి. పైనా కిందా కోతకు వదిలే 10 సెంటీమీటర్లు కలిపితే ఒక్కో పట్టీ 315 సెంటీమీటర్లు. 10 మీటర్ల రోల్‌లో అలాంటివి మూడే వస్తాయి. ఏడు పట్టీలకు మూడు రోల్స్. పువ్వులూ తీగలూ ఉన్న డిజైన్ అయితే పక్క పట్టీతో పువ్వు కలవాలి గనక ఇంకా వృథా. డిజైన్ ఎంత దూరానికి మళ్లీ మొదలవుతుందో ఆ అంకె రోల్ మీద చూసి, పట్టీ పొడవును దాని గుణిజానికి పెంచి లెక్కించాలి. 64 సెంటీమీటర్ల డిజైన్‌కు 315 కాస్తా 320 అవుతుంది, మూడు పట్టీలు వస్తాయి. అదే 90 సెంటీమీటర్ల డిజైన్‌కు 360 కావాలి, రోల్‌కు రెండే పట్టీలు, ఏడు పట్టీలకు నాలుగు రోల్స్. ఉదాహరణకు రోల్ 700 రూపాయలనుకుంటే, లేబుల్ ప్రకారం చదరపు అడుగు పధ్నాలుగున్నర రూపాయలు. మూడు రోల్స్‌తో పూర్తయిన గోడకు చదరపు అడుగు 21 రూపాయలు పడింది. పెయింటర్ చెప్పిన ధరతో పోల్చాల్సింది ఈ రెండో అంకెను. రోల్స్ అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి. తర్వాత తెప్పించిన రోల్ రంగు ఒక వాసి తేడాగా వస్తే హాలు మధ్యలో నిలువునా కనిపిస్తుంది.

పనిలోకి దిగేముందు మేకుల రంధ్రాలు లప్పంతో పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఆ మచ్చల మీద ప్రైమర్ తప్పక అద్దాలి. ఉట్టి లప్పం కూడా పొడే. మంచం తలవైపు గోడ మీద కొబ్బరినూనె మరకలుంటే గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిచి, ఒక రాత్రంతా ఆరనివ్వండి. నూనె మీద ఏ జిగురూ పట్టదు. పని మొదలెట్టాక ఫ్యాను ఆపేయాలి. కాగితం తీసిన షీటు గాలికి ఊగి తనకు తానే అంటుకుంటే విడదీయడం అయ్యే పని కాదు.

మొదటి పట్టీ సూటిగా పడితే సగం పని అయినట్టే. గది మూల సూటిగా ఉంటుందని నమ్మకండి. మూల నుంచి 44 సెంటీమీటర్ల దూరంలో, దారానికి తాళాల గుత్తి కట్టి పైనుంచి వేలాడదీసి, ఆ దారం వెంట పెన్సిల్‌తో గీత గీయండి. పట్టీ అంచు ఈ గీత మీద కూర్చోవాలి. మిగిలిన ఒక సెంటీమీటరు మూలలోకి మడత పడుతుంది, దాన్ని తర్వాత కోసేయొచ్చు. వెనక కాగితం మొత్తం ఒకేసారి తీయకూడదు. పైన ఒక అడుగు మేర తీసి, 5 సెంటీమీటర్లు సీలింగ్ వైపు అదనంగా వదిలి, గీతకు ఆనించి మధ్యనుంచి అంచులకు నొక్కాలి. ఇద్దరుంటే సులువు: ఒకరు కింద కాగితం లాగుతుంటే, ఇంకొకరు పైనుంచి ప్లాస్టిక్ పట్టీకి మెత్తటి బట్ట చుట్టి రుద్దుకుంటూ దిగాలి. ముడత పడితే వెంటనే, అడుగు మేర వెనక్కి తీసి మళ్లీ వేయండి. సాగదీసి సరిచేయవద్దు. చిన్న బుడగలు మిగిలితే సన్నటి సూదితో పొడిచి వేలితో అదిమేయొచ్చు.

రెండో పట్టీ అంచును మొదటిదాని మీదికి రెండు మిల్లీమీటర్లు ఎక్కించడం మన ఎండలకు సురక్షితం. అంచుకు అంచు ఆనించి వేస్తే మొదటి రోజు బాగుంటుంది గానీ, వేసవి దాటేసరికి షీటు ముడుచుకుని గీతలు తేలతాయి. పడమటి ఎండ నేరుగా పడే గోడయితే మరీను. స్విచ్‌బోర్డు దగ్గర ముందు మెయిన్‌లో కరెంటు ఆపాలి. మాడ్యులర్ ప్లేటు ఊడదీసి, బోర్డు మీదుగా షీటు వేసి, మధ్యలో గుణకారం గుర్తులా కోసి, పెట్టె అంచుకు నాలుగైదు మిల్లీమీటర్లు బయట ఉండేలా కత్తిరించి ప్లేటు బిగిస్తే కోత కనపడదు. కట్టర్ బ్లేడు మొనను రెండు పట్టీలకొకసారి విరిచి కొత్తది వాడండి. మొద్దుబారిన బ్లేడు పీవీసీని కోయదు, పీకుతుంది. కింద స్కర్టింగ్‌కు ఆనించకుండా రెండు మిల్లీమీటర్లు పైనే ఆపండి. రోజూ ఇల్లు తుడిచే తడిబట్ట నీళ్లు ఆ అంచులోకి ఎక్కితే కిందనుంచి లేవడం మొదలవుతుంది. మర్నాడు ఒకసారి అంచులన్నీ మళ్లీ రుద్దాలి. జిగురు పూర్తి పట్టు వచ్చేది ఒకటి రెండు రోజులకు.

వంటింట్లో పొయ్యి వెనక, దేవుడి గదిలో దీపం వెనక ఇది వద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరికి ప్రమాదం. హారతి పళ్లెం ఎత్తే దూరం, తాలింపు చిటపటలు ఎగిరే దూరం చూసుకుని అక్కడ టైల్సే ఉంచండి.

ఇటుకల బొమ్మతో దూదిలా మెత్తగా వచ్చే ఫోమ్ షీట్లు కూడా ఇదే వరుసలో అమ్ముతారు. 70, 77 సెంటీమీటర్ల ముక్కలు, పైన చెప్పిన గోడకు 18 పడతాయి, కోతకు ఇంకొకటి రెండు. ఫొటోల్లో బాగుంటాయి. మొదటిసారి కొనేవాళ్లకు ఇవి సిఫారసు చేయలేం. ఇటుకల మధ్య గాడుల్లో దుమ్ము కూర్చుంటుంది, పిల్లల గోళ్లకు, కుర్చీ వీపులకు గుంటలు పడతాయి, తీసేటప్పుడు లప్పాన్ని పలకలుగా లాక్కొస్తాయి.

ఈ వాల్‌పేపర్ అసలు పనితనం చూడాలంటే గోడ కాని చోట వాడి చూడండి. పాత స్టీలు బీరువా తలుపులు, షోకేస్ వెనక పలక, గోడలో గూళ్ల వెనకభాగం, సన్‌మైకా మాసిన చదువు బల్ల, కడప బండ అరల పైభాగం: ఇవన్నీ నున్నగా, గట్టిగా, పొడి రాలకుండా ఉండే తలాలు. జిగురు గట్టిగా పడుతుంది, తీసినా తలం చెడదు. చెయ్యి తిరగనివాళ్లకు కూడా అరగంటలో ఒక గూడు తయారవుతుంది, ఒక్క రోల్‌తో షోకేస్, బీరువా రెండూ అయిపోతాయి. మొదటి రోల్ ఇక్కడే ఖర్చుపెట్టమని మా గట్టి సలహా. గోడకు వెళ్లాలనిపిస్తే హాలంతా కాకుండా టీవీ వెనక ఒక్క గోడతో ఆగండి. డిజైన్ ఎంచుకునేటప్పుడు నమూనా ముక్కను రాత్రి మీ ఇంటి ట్యూబులైటు కింద కూడా చూడాలి. దుకాణం పసుపు వెలుగులో మీగడ రంగులో కనిపించింది ఇంట్లో బూడిద రంగు అనిపించవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ముందే ఓనరుగారితో మాట్లాడటం అవసరం. చాలాచోట్ల ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్స్‌లో ఎలాగూ పట్టుకుంటారు. ఊడిన లప్పం ఆ లెక్కలోకి వస్తుందా, వేరే కడతారా అన్నది మాట అనుకుంటే గొడవ ఉండదు. తీసే రోజు హెయిర్ డ్రయర్‌తో పైమూలను వేడిచేసి, షీటును మీ వైపు లాగకుండా గోడకు సమాంతరంగా, తన మీదికే మడుచుకుంటూ కిందికి మెల్లగా తీయాలి. ఎదురుగా లాగితే బలమంతా లప్పం మీద పడుతుంది. మిగిలిన జిగురును గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి పిండిన బట్టతో రుద్ది తీయండి. కిరోసిన్ పూస్తే జిగురు పోతుంది గానీ ఆ నూనె మరక లప్పంలోకి దిగి, పైన వేసిన కొత్త రంగులోంచి కూడా పసుపుగా తేలుతుంది.